నాలుగు వేళ్ల సందు

“నాలుగు వేళ్లమ్మా. అందులో ఒక్క వేలు తగ్గినా బండి కదలనివ్వను. ముప్ఫై ఏళ్లుగా నా లెక్క ఇదే.”

లాకప్పు ఊచల సందులోంచి మేస్త్రీ కుడిచెయ్యి బయటికి చాపాడు. బొటనవేలు లోపలికి మడిచి, మిగతా నాలుగు వేళ్లూ ఒకదానికొకటి ఆనించి చూపించాడు. రాళ్లు మోసి మోసి కాయలు కాచిన వేళ్లవి. టీచరమ్మ వాటి వెడల్పు కంటితోనే కొలుచుకుంది.

ఆమె బడి వదిలిపెట్టి డిటెక్టివ్ పని పట్టుకుని తొమ్మిదేళ్లయింది. అంతకుముందు ఇరవై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన పాపానికి ఆ పిలుపు మాత్రం ఆమెను వదల్లేదు. దొంగలకీ ఆమె టీచరమ్మే, వాళ్లని పట్టుకునే పోలీసులకీ టీచరమ్మే. చేతిసంచిలో భూతద్దం ఉన్నా లేకపోయినా సుద్దముక్క మాత్రం ఉండి తీరుతుంది.

ఈ కేసు నిన్న సాయంత్రం ఆమె గుమ్మం తొక్కింది. తెచ్చింది మేస్త్రీ కూతురు. నేలకి పరిచే రాతిపలకలు అమ్మే యార్డు ఒకటి ఉంది. దాన్ని అన్నదమ్ములిద్దరు నడుపుతారు. పనివాళ్లు వాళ్లని పెద్దయ్య, చిన్నయ్య అంటారు. నాలుగు రోజుల కిందట లారీ డ్రైవరు సెలవు పెడితే చిన్నయ్య తానే నడుపుకుంటూ సరుకుతో బయల్దేరాడు. కొండదారి దిగుతుండగా బ్రేకులు పట్టలేదు. కింది మలుపులో గోడకి గుద్దుకుని బండి నుజ్జయింది, మనిషి అక్కడికక్కడే పోయాడు. చెల్లాచెదురైన రాళ్లన్నీ ఏరి పోలీసులు తూకం వేయిస్తే, ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ తేలింది. సరుకు ఎత్తించిందెవరు? మేస్త్రీ. బండి కదలొచ్చని చెప్పిందెవరు? మేస్త్రీ. ఇంకేం, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంతా ఆయన నెత్తిన పడింది. రేపు పొద్దున కోర్టులో పెడతారు. ఒక ప్రాణం తీసిన నేరం మీద లోపలికి వెళ్తే, అరవై దాటిన మనిషి మళ్లీ ఇంటిముఖం చూడడం అనుమానమే.

కూతురు పక్కనే క్యారేజీ పట్టుకుని నిలబడి ఉంది. పొద్దుటినుంచి తండ్రి మెతుకు ముట్టలేదు. క్యారేజీ మూత తీయమని ఈమె అనడం, తర్వాత చూద్దామని ఆయన అనడం మూడుసార్లు అయింది.

టీచరమ్మ ఆ వేళ్లు ఎక్కడ పెట్టి చూస్తారని అడిగింది. మేస్త్రీ ఓపిగ్గా చెప్పాడు. లారీ వెనక ఇరుసు మీద ఉక్కుపట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన కమాను ఉంటుంది. దానికి సరిగ్గా పైన, బండి చట్రానికి ఒక రబ్బరు దిమ్మ బిగించి ఉంటుంది. బరువెక్కేకొద్దీ కమాను సాగుతుంది, చట్రం కిందికి దిగుతుంది, మధ్య సందు తగ్గుతుంది. ఈ లారీలు కొన్న కొత్తలో ఒకసారి, వెయ్యదగినంత బరువు సరిగ్గా వేయించి, కాటా మీద తూచి, చెయ్యి పెట్టి చూసుకున్నాడు. నాలుగు వేళ్లు పట్టాయి. అప్పటినుంచీ ఆ యార్డులో అదే శాసనం.

“పలకలు లెక్కపెట్టుకోవచ్చు కదా?”

“ఎలా పెడతామమ్మా? ఒకటి అంగుళం మందం, ఒకటి రెండంగుళాలు. ఒకటి చాపంత, ఒకటి పీటంత. రాయికి లెక్క లేదు. తూకమే.”

ఆ రోజు కూడా నాలుగు వేళ్లూ ఉన్నాయని ఆయన కూతురి మీద ప్రమాణం చేశాడు. టీచరమ్మ ప్రమాణాలు పక్కనపెట్టి, ఆ రోజు ఎప్పటిలా జరగనిది ఏమైనా ఉందా అని అడిగింది. మేస్త్రీ చెయ్యి మెల్లగా ఊచల వెనక్కి వెళ్లిపోయింది. మామూలుగా టీ తాగే వేళకి ఎత్తడం అయిపోతుంది. ఆ రోజు టీ తాగొచ్చాక కూడా చాలాసేపు ఎత్తుతూనే ఉన్నారు. కూలీలు సణిగారు. ఆయనకీ వింతగానే అనిపించింది. అడిగితే పెద్దయ్య, ఇది కొత్త క్వారీ రాయి, తేలిక, అన్నాడట.

“నడుముకి తెలిసిందమ్మా, ఎక్కువైందని. వేళ్లకి తెలియలేదు. నేను వేళ్ల మాటే విన్నాను. ఆ అబ్బాయిని ఎత్తుకుని ఆడించినవాణ్ణి నేను.”

ఆయన మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ముద్దాయిల కన్నీళ్లు ఆమె చాలా చూసింది. తమకోసం ఏడ్చేవాళ్లే ఎక్కువ. ఈయన చనిపోయినవాడి కోసం ఏడుస్తున్నాడు.

బయటికి నడుస్తూ ఆమె కూతురిని రెండో లారీ సంగతి అడిగింది. యార్డుకి లారీలు రెండు, రెండూ ఒకే రకం, ఒకేసారి కొన్నవి. రెండోదాన్ని నడిపేది ఈ అమ్మాయి మొగుడే. ప్రమాదం జరిగిన రోజునుంచీ పెద్దయ్య ఆ బండిని గేటు దాటనివ్వలేదు. తమ్ముడు పోయిన దుఃఖం కాబోలు అని అంతా ఊరుకున్నారు. మళ్లీ ఇవాళ పొద్దున రమ్మని కబురొచ్చింది.

“నాకు ఆ దిగుడు తలచుకుంటేనే వణుకు టీచరమ్మా. స్టీరింగు పట్టుకున్నాక ఫోను ముట్టనని నా తలమీద ఒట్టు వేయించుకున్నాను. ఆపేసి జేబులో పెట్టుకునే బయల్దేరతాడు.”

మంచిపని చేశావంది టీచరమ్మ. ఒక సంగతి మాత్రం ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది. తప్పు మేస్త్రీదే అని పెద్దయ్య నిజంగా నమ్మితే, మేస్త్రీ లాకప్పులో ఉన్నాడు కదా, రెండో బండిని కట్టేసుకు కూర్చోవడం ఎందుకు? దుఃఖంలో ఉన్నవాడు కొట్టు మూసేస్తాడు. ఈయన కొట్టు తెరిచే ఉంచాడు, బండినొక్కదాన్నే ఆపాడు.

నుజ్జయిన లారీ స్టేషను వెనక రేకుల కింద పడి ఉంది. దాని ముందు ఒక మనిషి అప్పటికే నిలబడి ఉన్నాడు. బీమా కంపెనీ తరఫున ప్రమాదాలు తేల్చే అధికారి. ఎంత ఎండలో తిరిగినా చొక్కా మడత నలగదు కనుక స్టేషనంతా ఆయన్ని ఇస్త్రీబాబు అంటారు. ఎనిమిదో తరగతిలో టీచరమ్మ దగ్గరే లెక్కలు నేర్చుకున్నాడు. దారి చూపించకుండా జవాబు మాత్రం రాసే రకం. జవాబు ఒప్పయినా ఆమె సగం మార్కులే వేసేది. ఆ సగం మార్కుల కసి అతనికి ఇంకా ఆరలేదని ఆమె అనుమానం.

“మీరొచ్చేసరికి బెల్లు కొట్టేశారు టీచర్. ఫైలు మూసేశాను.”

“జవాబు సరే, దారి ఏదీ?”

అతను నవ్వి, వేళ్ల మీద చెప్పుకుపోయాడు. బండి కాగితాల ప్రకారం దీని మీద వెయ్యదగిన సరుకు నాలుగు వేల మూడొందల కిలోలు. దొరికిన రాళ్లు నాలుగు వేల తొమ్మిదొందలు. దిగుడులో బ్రేకులు కాగిపోయాయి, పట్టు తప్పాయి. ఎత్తించినవాడు ఎత్తించానని ఒప్పుకున్నాడు. ఇందులో డిటెక్టివులకి పనేముందని అతని ఉద్దేశం.

టీచరమ్మ సంచిలోంచి సుద్దముక్క తీసింది. వంగిపోయిన లారీ తలుపు మీద కాస్త నున్నగా మిగిలిన చోటు చూసుకుని 7500 అని వేసింది. బండి, సరుకు, మనుషులు, డీజిలు అన్నీ కలిపి ఈ లారీ దాటకూడని బరువది. తయారుచేసినవాళ్లు తలుపు పక్కన రేకు మీద కొట్టిన అంకె. ఖాళీ బండి బరువెంత అని ఆమె అడిగితే, కాగితంలో మూడు వేల రెండొందలుందని అతను చెప్పాడు. ఆమె వెనక తొట్టిని పిడికిలితో కొట్టింది. ఖంగుమంది.

“కాగితం రాసినప్పుడు ఇది చెక్క తొట్టి. తర్వాత ఇనుప తొట్టి వేయించారు. తక్కువలో తక్కువ నాలుగొందల కిలోలు. నడిపే మనిషి, నిండా డీజిలు, అదనపు చక్రం, మోకులు, ఇంకో రెండొందలు. ఇప్పుడు తీసెయ్యి.”

అతను తీసేశాడు. మూడు వేల ఏడొందలు మిగిలింది. బండికి నిజంగా మోసే హక్కున్నది అంతే.

“అంటే పన్నెండొందల కిలోలు ఎక్కువ. మీ లెక్కతో మీ మేస్త్రీ నేరం రెండింతలైంది కదా టీచర్,” అన్నాడు ఇస్త్రీబాబు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషినే దొరకబట్టానన్న సంబరం అతని గొంతులో బాగానే వినిపించింది.

“అవును, రెండింతలైంది. నా బాధ కూడా అదే. నీ కాగితానికి ఇనుప తొట్టి సంగతి తెలియదు. ఆయన వేళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు, బరువెక్కితే సందు తగ్గుతుంది. ఆయనేమో సందు తగ్గలేదంటున్నాడు. మరి పన్నెండొందల కిలోలు ఎక్కడ దాక్కున్నాయి?”

అబద్ధమాడుతున్నాడు కనుక దాక్కున్నాయన్నాడు అతను. అబద్ధమాడేవాడైతే చూసుకోలేదు, పొరపాటైంది అని తేలిగ్గా తప్పుకునేవాడు, చెయ్యి చాపి మరీ చూశానని ఎందుకంటాడు అంది ఆమె. పైగా దిగుడుకి ముందు బళ్ల బరువు చూసి వదిలే కొండమీది గేటు కాపలాదారుతో ఆమె పొద్దున్నే ఫోనులో మాట్లాడింది. అక్కడి కాటా నెలరోజులుగా పాడై ఉంది. కాపలాదారు ఒకప్పుడు మేస్త్రీ దగ్గర పనిచేసినవాడే, ఆ రోజు తనూ చెయ్యి పెట్టే చూశాడు. అతనికీ నాలుగు వేళ్లూ పట్టాయట.

ఆమె కొంగు నడుముకి బిగించి, టార్చి పట్టుకుని బండి కిందికి దూరింది. ఇస్త్రీబాబు మోకాలు వంచితే మడత పోతుందని కాబోలు, నిలబడే ఉన్నాడు. ముందు భాగం పిండైపోయింది కానీ వెనక ఇరుసు, కమాన్లు అలాగే ఉన్నాయి. ఆమె పట్టీలు లెక్కపెట్టింది. పది. వాటిలో ఎనిమిది ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి రాసుకుని అంచుల్లో అరిగి, బురదా తుప్పూ పట్టి ఉన్నాయి. అడుగున ఉన్న రెండిటికి అరుగుదల లేదు. రెండో పక్క చూసినా అదే తంతు. పట్టీల కట్టని ఇరుసుకి బిగించే యు ఆకారపు బోల్టులు పక్కకి రెండు. నాలుగూ పొడుగ్గా, కొత్తగా ఉన్నాయి, మరల మీద గ్రీజు ఇంకా మెరుస్తోంది.

బయటికొచ్చి చేతులు దులుపుకుంటూ, ఎవరో ఈమధ్యే కమాన్లకి పక్కకి రెండేసి పట్టీలు ఎక్కించారని చెప్పింది.

“మంచిదే కదా. కమాను బలపడితే బండి ఇంకా ఎక్కువ మోస్తుంది. మీ వాదన మీరే కొట్టేసుకున్నారు.”

“సంచి పెద్దది కుట్టిస్తే మోసేవాడి మెడ గట్టిపడుతుందా? కమాను మోస్తుంది, నిజమే. ఆపాల్సింది బ్రేకు. బ్రేకు పాతదే, ఇరుసు పాతదే, టైర్లు పాతవే. బండి ఎంత మోయగలదో నిలబడి ఉన్నప్పుడు తెలియదు నాయనా, దిగుడులో ఆగాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది.”

ఆమె నిదానంగా, బోర్డు ముందు నిలబడి చెప్పినట్టే చెప్పింది. పట్టీలు పెరిగాయి కనుక కమాను అంత తొందరగా దిగదు. అయిదు టన్నులకి దగ్గరపడేదాకా నాలుగు వేళ్ల సందు అలాగే ఉంటుంది. మేస్త్రీ ఆ సందుని తప్ప దేన్నీ నమ్మడని తెలిసినవాడే ఈ పని చేయించాడు. మేస్త్రీ తప్పు లేకపోలేదు, నడుము చెబుతున్నా వినలేదు. కానీ అది నమ్మకం చేసిన తప్పు.

ఇస్త్రీబాబు చొక్కా చేతులు సర్దుకున్నాడు. చివరి బాణం అతని దగ్గర ఇంకా ఉంది. ఆ నాలుగు వేళ్ల పద్ధతి సరైనదేనని తను ఇవాళ పొద్దున స్వయంగా రుజువు చేశానన్నాడు. యార్డుకి వెళ్లి రెండో లారీకి దగ్గరుండి సరుకు ఎత్తించాడు. బ్రేకులు చూశాడు, టైర్లు చూశాడు, ఏ మార్పులూ చేయించలేదని పెద్దయ్య చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆఖరున తన చెయ్యే సందులో పెట్టి, సరిగ్గా నాలుగు వేళ్లు కాగానే ఆపించాడు. నిజాయితీగా చేస్తే పద్ధతి పనిచేస్తుంది, కనుక మేస్త్రీ నిజాయితీగా చెయ్యలేదు. ఇది అతని తర్కం.

“ఆ బండి కమాన్లలో పట్టీలు లెక్కపెట్టావా?”

లేదన్నట్టు అతను తల ఊపాడు. ఎప్పుడు బయల్దేరుతుందని ఆమె అడిగింది. రెండింటికి అన్నాడు. అతని చేతి గడియారంలో రెండు దాటే ఉంది.

అతని కారులోనే యార్డుకి వెళ్లారు. మేస్త్రీ కూతురు వెనక సీట్లో క్యారేజీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏం జరుగుతోందో ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఊరికే అనుమానంతో పిల్లని భయపెట్టడమెందుకని టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

యార్డులో లారీ నిలబడే చోట నూనె మరకలు, చక్రాల గాడి తప్ప ఇంకేమీ లేవు. రాయి కోసే యంత్రం ఆగి ఉంది. పెద్దయ్య తన గదిలో కుర్చీలో కూర్చుని గేటువైపు చూస్తున్నాడు. బల్ల కింద ఒక జత చెప్పులున్నాయి. ఆయన కాళ్లకి వేరే జత ఉంది. తమ్ముడివని వేరే చెప్పనక్కర్లేదు, ఎవరూ వాటిని కదిపినట్టు లేదు.

టీచరమ్మ ముందు ఆయన్ని ఏమీ అడగలేదు. ఆవరణలో ఒకే కొలతకి కోసి పెట్టిన పలకలు, పాత క్వారీదొకటి, కొత్త క్వారీదొకటి తెప్పించి, తలుపు పక్కనున్న చిన్న కాటా మీద ఒకదాని తర్వాత ఒకటి పెట్టించింది. ముల్లు రెండుసార్లూ ఒకే గీత దగ్గర ఆగింది.

“కొత్త రాయి తేలిక అన్నారట?”

పొరపడ్డానేమో అన్నాడు పెద్దయ్య. కమాన్ల సంగతి అడిగితే తనకి తెలియదన్నాడు. తమ్ముడు చేయించి ఉంటాడన్నాడు. రెండో బండి జోలికి మాత్రం ఎవరూ పోలేదని, అడక్కుండానే అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టున్న ఆ మాట వినగానే టీచరమ్మ గది వదిలి షెడ్డు వెనక్కి నడిచింది. పనికిరాని ఇనుము పారేసే కుప్ప అక్కడుంది. మరమ్మతు చేసేవాళ్లకి ఒక అలవాటు: కొత్తది బిగించగానే పాతదాన్ని దగ్గర్లోని కుప్పలోకి గిరాటేస్తారు, దాన్ని దాచాలన్న ఆలోచన ఎవరికీ రాదు. చేయించినవాడికి కూడా రాలేదు.

ఆమె తిరిగొచ్చి, తెచ్చినవాటిని పెద్దయ్య బల్ల మీద వరసగా పేర్చింది. పొట్టివి, తుప్పు పట్టినవి, యు ఆకారపు బోల్టులు.

“పట్టీలు పెరిగితే కట్ట మందమవుతుంది. పాత బోల్టులు పొడుగు చాలవు, తీసెయ్యాల్సిందే. బాబూ, ఒక లారీకి వెనకవైపు ఇవి ఎన్నుంటాయి?”

“పక్కకి రెండు. నాలుగు,” అన్నాడు ఇస్త్రీబాబు.

“ఇక్కడెన్నున్నాయి?”

అతను లెక్కపెట్టాడు. బల్ల మీద ఎనిమిదున్నాయి. అతను తన కుడిచేతి వేళ్లవంక చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

పెద్దయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. చెప్పడం మొదలుపెట్టాక ఆపుకోలేకపోయాడు. ఒక పెద్ద భవనానికి నెలాఖరులోగా రాయంతా దింపుతానని మాట ఇచ్చాడు. ఉన్న రెండు బళ్లతో అన్ని తడవలు తిరగడం అయ్యే పని కాదు. తడవకి కాస్త ఎక్కువ వెయ్యమని మేస్త్రీని బతిమాలాడు, గదమాయించాడు. ఆయన నాలుగు వేళ్లూ చూపించి తల అడ్డంగా ఊపాడు.

“మేస్త్రీ వేళ్లని ఒప్పించలేక కమాన్లు మార్పించాను. ఆయన ఊళ్లో లేని ఆదివారం చేయించాను. తమ్ముడికి కూడా చెప్పలేదమ్మా. ఆ రోజు వాడు నడుపుతాడని నేననుకోలేదు. నా తమ్ముణ్ణి నేనే చంపుకున్నాను. అది నోటితో ఎలా చెప్పుకోను?”

అందుకే రెండో బండి నాలుగు రోజులు కదల్లేదు. అందుకే మేస్త్రీ లాకప్పులో ఉన్నాడు. టీచరమ్మకి ఆయన మీద జాలి కలిగింది, ఆ జాలి వెనకే కోపం కూడా వచ్చింది. చచ్చిన తమ్ముడి కోసం ఏడ్చే మనిషి, బతికున్నవాణ్ణి అదే దిగుడులోకి పంపి గేటువైపు చూస్తూ కూర్చున్నాడు.

“మరి ఇవాళ ఎందుకు వెళ్లనిచ్చారు?”

“ఈయన నా ఎదురుగానే ఎత్తించాడు. వద్దంటే ఎందుకని అడుగుతాడు. సంతకం పెట్టమన్నాడు. చెప్పేద్దామనే లేచాను, నోరు పెగల్లేదు. డ్రైవరు బండెక్కి నాకు దండం పెట్టి మరీ వెళ్లాడు.”

గుమ్మం దగ్గర చప్పుడైంది. మేస్త్రీ కూతురు క్యారేజీ కింద పెట్టింది. ఆమె ఎంతసేపటినుంచి అక్కడ నిలబడి ఉందో ఎవరూ గమనించలేదు. అరవలేదు, ఏడవలేదు. పెద్దయ్యవంక చూసి మెల్లగా అంది.

“ఆ బండిలో మా ఆయనున్నాడు.”

మొగుడికి ఫోను చేసింది. ఆపేసి ఉందని జవాబొచ్చింది. మళ్లీ చేసింది. మళ్లీ అదే. తన తలమీద చెయ్యి వేయించి తీసుకున్న ఒట్టుని అతను అక్షరాలా పాటిస్తున్నాడు. ఆమె ఫోను గుండెకి ఆనించుకుని గోడకి జారగిలబడింది.

ఇస్త్రీబాబు అప్పటికే కారువైపు పరిగెత్తుతున్నాడు. చొక్కా బయటికి వచ్చేసింది, చూసుకోలేదు. దిగుడు మొదలయ్యే చోట ఉన్న గేటు ఒక్కటే ఇంక ఆధారం. నిండు బరువుతో లారీ అక్కడికి చేరడానికి అరగంట పడుతుంది. బయల్దేరి అరగంట కావస్తోంది. టీచరమ్మ అమ్మాయిని జబ్బ పట్టుకుని లేపి కారులోకి నడిపిస్తూ, పొద్దున మాట్లాడిన కాపలాదారు నంబరు నొక్కింది. అవతల మోగుతూనే ఉంది. ఆఖరికి ఎత్తాడు.

“రాతిపలకల యార్డు లారీ వస్తుంది. దాన్ని ఆపు. ఏదైనా చెప్పు, గేటు మాత్రం ఎత్తకు.”

అవతల కాపలాదారు గొంతు నిదానంగా, నమ్మకంగా, పని సక్రమంగా చేసినవాడి గొంతులా వినిపించింది.

“ఎందుకండీ ఆపడం? నాలుగు రోజుల కిందట అంత ఘోరం జరిగిందని ఈసారి రెండు పక్కలా చెయ్యి పెట్టి చూశాను టీచరమ్మా. నాలుగు వేళ్లూ ఉన్నాయి. ఇప్పుడే గేటెత్తాను. అదుగో, మొదటి మలుపు దిగుతున్నాడు.”